చెత్తగుట్ట కింద నీళ్లు

తెల్లవారాక చెత్త ఆటో వీధిలోకి వచ్చి వెళ్లిందంటే రోడ్డు మీద ఒక సన్నని చార మిగులుతుంది. ఆటో ఆగిన ప్రతి ఇంటి ముందు నల్లగా, జిగటగా చిన్న మడుగు కడుతుంది. అక్కడి నుంచి మళ్లీ చారగా సాగి పక్కింటి దాకా పోతుంది. ఎండ ఎక్కేసరికి ఆరిపోతుంది గానీ ఈగలు మాత్రం చాలాసేపు దాన్ని వదలవు. రాత్రి మిగిలిన పులుసు, కుళ్లిన టమాటాలు, పండ్ల తొక్కలు, వడకట్టిన టీ పొడి, వాటితో పాటు అయిపోయిన బ్యాటరీ, మందుల సీసా, గోడకు వేయగా మిగిలిన రంగు డబ్బా, అన్నింటినీ ఒకే కవర్లో కట్టి పడేస్తే, ఒకదాని బరువు మరొకదాని మీద పడి కారిన రసం అది. శాస్త్ర పరిభాషలో దాని పేరు లీచెట్. తెలుగులో చెత్త ఊట అనవచ్చు.

వీధిలో కారింది గరిటెడే. ఊరి చివర డంపింగ్ యార్డులో అదే ఊట కుంటలుగా నిలుస్తుంది. గుట్ట నుంచి వచ్చే పొగ, కంపు అందరికీ తెలుస్తాయి కాబట్టి వాటి మీద ధర్నాలు జరుగుతాయి, వార్తలు వస్తాయి. ఊట కిందికి దిగుతుంది. కంటికి కనిపించదు, ముక్కుకు అందదు. ఐదేళ్లకో పదేళ్లకో ఎవరి బోరులోనో నీటి రంగు మారితే గానీ సంగతి బయటపడదు. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ.

చెత్త వల్ల నీరు పాడవుతుందంటే చాలామందికి వెంటనే గుర్తొచ్చేవి సీసం, పాదరసం వంటి లోహాలు. ఆ భయం నిజమైనదే గానీ, ఒక్క దాన్నే పట్టుకుంటే అసలు విషయం చేయిజారుతుంది. గుట్టలో ఏ విషం ఉందన్న ప్రశ్న కన్నా ముందు అడగవలసినది గుట్టలోకి ఎంత నీరు పోతోందని. నీరు లేకపోతే ఊట లేదు. ఊట లేకపోతే గుట్టలోది గుట్టలోనే ఉంటుంది.

ఆ నీరు ఎంతో చూద్దాం. హైదరాబాద్‌లో రోజుకు 7,000 టన్నులకు పైగా చెత్త పోగవుతుంది. మన నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. కూరగాయల తుక్కు, ఎంగిలి అన్నం, వాడిన పూలు వంటి వాటిలో నూటికి 70 పాళ్లు నీరే అనుకుంటే, 3,500 టన్నుల తడి చెత్తలో ఉన్నది 2,450 టన్నుల నీరు, అంటే 24 లక్షల లీటర్ల పైచిలుకు. చెత్త పేరుతో రోజూ ఇంత నీటిని డీజిల్ పోసి లారీల్లో మోసుకెళ్లి గుట్ట మీద పోస్తున్నాం. కొంత ఆవిరవుతుంది, కొంత కుళ్లే క్రియలో ఖర్చవుతుంది. మిగిలినది కిందికి దారి వెతుక్కుంటుంది.

ఇక వాన. హైదరాబాద్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. ఒక ఎకరం మీద పడే వాన 32 లక్షల లీటర్లు. అందులో నాలుగో వంతే చెత్తలోకి ఇంకిందనుకున్నా ఎకరానికి 8 లక్షల లీటర్లు, 300 ఎకరాల యార్డుకు 24 కోట్ల లీటర్లు. ఇవి యంత్రం పెట్టి కొలిచిన అంకెలు కావు, పలక మీద వేసుకోదగ్గ అంచనా. అయినా సమస్య పరిమాణం ఎంతటిదో దీన్ని బట్టే తెలిసిపోతుంది. పైన కప్పు లేని గుట్ట ప్రతి వానాకాలం ఒక పెద్ద డికాక్షన్ ఫిల్టర్‌లా పనిచేస్తుంది. పైన పోసిన నీరు పొడిలోంచి దిగి, రంగూ చేదూ తీసుకుని కింద చేరుతుంది.

కాఫీకీ చెత్తకూ తేడా ఏమిటంటే, చెత్త లోపల ప్రాణం ఉంది. గుట్ట కుళ్లడం అంటే కోటానుకోట్ల సూక్ష్మజీవులు తినడమే. చెత్త పడిన మొదటి రోజుల్లో లోపల ఉన్న కాస్త ఆక్సిజన్ అయిపోతుంది. ఆ తర్వాత గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పని అందుకుంటాయి. తొలి దశలో అవి పిండినీ చక్కెరనూ పులియబెట్టి ఆమ్లాలు తయారు చేస్తాయి. రుబ్బిన పిండి రాత్రికి పులిసినట్టే ఇదీ, కాకపోతే ఇక్కడ పులిసేది వేల టన్నులు. ఈ దశలో ఊట పీహెచ్ ఐదు, ఆరు దగ్గర ఉంటుంది, అంటే పులుపు. కుళ్లే పదార్థం ఎంత ఉందో చెప్పే కొలత బీఓడీ. ఇళ్ల నుంచి వచ్చే మామూలు మురుగులో అది లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు. పులిసే దశలోని చెత్త ఊటలో 4,000 నుంచి 40,000 దాకా పోతుంది. ఒక బిందెడు ఇలాంటి ఊట చెరువులో కలిస్తే పదుల బిందెల మురుగు, బాగా చిక్కటిదైతే వంద బిందెల మురుగు కలిసినట్టు. చేపలు తేలిపోవడానికి వేరే విషం అక్కర్లేదు, నీటిలోని ఆక్సిజన్ అంతా ఈ కుళ్లుకే ఖర్చయిపోతుంది.

కొన్ని నెలల నుంచి కొన్నేళ్లలో రెండో దశ వస్తుంది. మరో రకం సూక్ష్మజీవులు ఆ ఆమ్లాలను తిని మీథేన్ విడుస్తాయి. గుట్టలకు మంటలు అంటుకునేది ఈ వాయువుతోనే. అప్పుడు ఊటలో పులుపు పోతుంది, బీఓడీ కొన్ని వందలకు, ఒక్కోసారి పదులకు దిగుతుంది. కాగితం మీద చూసినవారికి ఊట శుభ్రపడినట్టే అనిపిస్తుంది. అమ్మోనియా మాత్రం దిగదు. పప్పు, మాంసం, గుడ్డు వంటి వాటిలోని మాంసకృత్తులు విరిగి అమ్మోనియా ఊరుతుంది. గాలి లేని గుట్టలో దాన్ని తినేసే జీవి దాదాపు లేదు. లీటరుకు వందల నుంచి వేల మిల్లీగ్రాముల చొప్పున దశాబ్దాల పాటు అది వస్తూనే ఉంటుంది. తాగునీటిలో అమ్మోనియా లీటరుకు అర మిల్లీగ్రాము మించకూడదని మన భారతీయ ప్రమాణం.

లోహాల సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది ఎదురు చూసినట్టు ఉండదు. మీథేన్ దశకు చేరిన పట్టణ చెత్తగుట్టలో సీసం, కాడ్మియం వంటి లోహాల్లో అత్యధిక భాగం బయటికి రాదు. గాలి లేని చోట గంధకంతో కలిసి, కరగని సల్ఫైడ్లుగా చెత్తకే అతుక్కుని ఉంటాయి. ఎక్కువగా కరిగేది పులిసే దశలోనే. కాబట్టి పాత గుట్టను కదిలించి, గాలి తగిలించి, ఆమ్లం తగిలించితే బిగుసుకున్న లోహాలు వదులవుతాయి. మామూలు చెత్తలో బ్యాటరీలు, సర్క్యూట్ బోర్డులు, రంగులు, ఆసుపత్రి వ్యర్థాలు కలపకూడదని పట్టుబట్టేది కూడా ఇందుకే. గుట్టలో లోహం నిద్రపోతూ ఉంటుంది, పోవడం మాత్రం లేదు.

బోరు నీళ్లలో ముందుగా కనిపించే లోహం మరొకటి ఉంది. అది చెత్తలోంచి రానక్కర్లేదు. యార్డు దిగువన బోరు నీళ్లు ఒక తెల్లటి ప్లాస్టిక్ బకెట్లో పట్టి చూస్తే, పట్టినప్పుడు తేటగానే ఉంటాయి. రాత్రంతా వదిలేస్తే తెల్లవారేసరికి పైన రంగురంగుల మీగడలాంటి పొర, అడుగున తుప్పు రంగు మడ్డి. బకెట్ అంచున గోధుమ రంగు వలయం. ఆ నీళ్లతో టీ పెడితే నల్లగా మారుతుంది, బట్టలు ఉతికితే పసుపెక్కుతాయి. ఇది ఇనుము. ఆ ఇనుము ఎక్కడిదంటే, చాలావరకు అక్కడి నేలదే. మన ఎర్ర నేలలకు ఆ ఎరుపు ఇచ్చేది ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు. మామూలుగా అది నీళ్లలో కరగదు, అందుకే ఎర్ర నేలలో తవ్విన బావి నీళ్లు కూడా తేటగా ఉంటాయి. కుళ్లే పదార్థంతో నిండిన ఊట ఆ నేలలోకి దిగినప్పుడు ఆక్సిజన్ అంతా అయిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులు ఊపిరి కోసం మట్టిలోని ఆ తుప్పునే వాడుకుంటాయి. ఆ క్రమంలో ఇనుము కరిగే రూపంలోకి మారి నీటిలో దిగుతుంది. మాంగనీసు కూడా అంతే. తుప్పు రేణువులకు అంటుకుని ఉన్న ఆర్సెనిక్, నేలలో ఉంటే గనక, అదీ విడుదలవుతుంది. బకెట్లో మళ్లీ గాలి తగిలి ఇనుము తిరిగి తుప్పుగా మారి అడుగుకు చేరుతుంది. పొద్దున కనిపించిన మడ్డి అదే.

చెత్త ఊట తన విషాన్ని తెచ్చి కలపడంతో ఆగదని, నేల పట్టి ఉంచిన వాటిని కూడా విడిపిస్తుందని ఈ ఒక్క బకెట్ చూస్తే అర్థమవుతుంది. కాఠిన్యం పెరగడానికీ ఇలాంటిదే కారణం. కుళ్లేటప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి, రాళ్లలోని సున్నాన్నీ మెగ్నీషియాన్నీ కరిగిస్తుంది. ఆ నీళ్లలో కందిపప్పు ఎన్ని విజిళ్లు వచ్చినా పలుకు పలుకుగానే మిగిలిపోతుంది. పప్పు ఉడకడం లేదని ఇంట్లో ఆడవాళ్లు చెప్పే ఫిర్యాదు, ప్రయోగశాల నివేదిక కన్నా ఎన్నో నెలల ముందే వచ్చే హెచ్చరిక. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అమ్మోనియా విషయానికి వస్తే, నేలలో గాలి తగిలేచోటికి చేరాక అది నైట్రేటుగా మారుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే డబ్బా పాలు తాగే పసిబిడ్డలకు ప్రమాదం. వారి కడుపులో అది నైట్రైటుగా మారి, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయనివ్వకుండా చేస్తుంది. బిడ్డ పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి. నీళ్లు కాచి తాగిస్తే సరిపోతుందనే నమ్మకం మనలో బలంగా ఉంది. క్రిములకు ఆ మాట నిజం. నైట్రేటు కాచితే పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇప్పటిదాకా చెప్పినది ఏ దేశపు చెత్తకైనా వర్తిస్తుంది. దక్కన్ నేలలో మాత్రం ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇసుక నేలల్లో ఊట ఒక నాలుకలా మెల్లగా, ఒకే దిశలో సాగుతుంది. వరుసగా పరిశీలన బావులు తవ్వితే దాని అంచు ఎక్కడుందో గుర్తించవచ్చు. డెన్మార్క్‌లోని పాత చెత్తగుట్టల కింద శాస్త్రవేత్తలు అలాగే ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఆ ఇసుకలో చాలా గుట్టల కాలుష్యం కిలోమీటరు లోపే ఆగిపోయింది, దారిలోనే సూక్ష్మజీవులు కొంత శుభ్రం చేశాయి. హైదరాబాద్ చుట్టుపక్కల నేల అలా ఉండదు. పైన కొన్ని మీటర్ల మట్టి, మొరం. దాని కింద గ్రానైట్ బండ. బండలో నీరు నిలిచేది పగుళ్లలో మాత్రమే. ఆ పగుళ్లు ఎటు పోతాయో, ఏది దేనితో కలుస్తుందో పైనుంచి చెప్పలేం. ఒక ఇంటి బోరులో నల్లటి నీరు, నలభై అడుగుల దూరంలో పక్కింటి బోరులో తేట నీరు పడటానికి కారణం ఇదే. పగులు దొరికితే ఊట రోజుకు మీటర్ల లెక్కన కూడా పరుగెత్తగలదు, వడకట్టే మట్టి గానీ తినేసే సూక్ష్మజీవులు గానీ దారిలో పెద్దగా ఉండవు.

దీనికి తోడు మన బోర్లు. కేసింగ్ పైపు మొరం దాటి బండ తగిలేదాకా మాత్రమే దించుతారు. పైపు చుట్టూ ఖాళీని సిమెంటుతో గట్టిగా మూయకపోతే, పైపొరలోని మురికి ఊట ఆ సందులోంచి నేరుగా లోతు పగుళ్లలోకి జారుతుంది. నీళ్లు పడలేదని వదిలేసిన బోర్లు ఇంకా ప్రమాదం. వందల అడుగుల లోతు దాకా తెరిచి ఉన్న గొట్టం అది. మూత లేని ఎండిన బోర్లలో పసిపిల్లలు పడిన దుర్ఘటనలు మనకు తెలుసు. మురికినీరు పడటం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. ఎండాకాలంలో చుట్టూ ఉన్న బోర్లన్నీ ఒకేసారి తోడుతుంటే, గుట్ట కింద నిలిచిన నీటిని కూడా అవి తమవైపు లాక్కుంటాయి.

జవహర్‌నగర్‌లో ఇవన్నీ ఒకేచోట కలిశాయి. హైదరాబాద్‌కు ఈశాన్యాన, ఇప్పటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, మూడు వందల ఎకరాలకు పైబడిన ఆవరణలో 2000ల తొలి సంవత్సరాల నుంచి నగరపు చెత్త పోగుపడుతూ వచ్చింది. ఏళ్ల తరబడి అడుగున ఏ పొరా పరవకుండానే పోశారు. అలా పేరుకున్న పాత చెత్త సుమారు కోటి 20 లక్షల టన్నులు. వాన పడితే నల్లటి నీరు పక్కనే ఉన్న మల్కారం చెరువులోకి పారేది. ఒకప్పుడు చేపలు పట్టుకుని, పశువులను కడిగిన ఆ చెరువు లీచెట్ కుంటగా మారింది. దమ్మాయిగూడ, చీర్యాల వైపు ప్రజలు ఏళ్లపాటు ఆందోళన చేశారు. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

ఆ తర్వాత కొన్ని మంచి పనులు జరిగాయి. పాత గుట్టను మట్టి, ప్లాస్టిక్ పొరలతో కప్పే పని 2020ల ఆరంభానికి పూర్తయింది. చెత్తను కాల్చి విద్యుత్తు తీసే కేంద్రం మొదలైంది. 2023లో రోజుకు 20 లక్షల లీటర్ల లీచెట్‌ను శుద్ధి చేసే కేంద్రం వచ్చింది. వీటిని తక్కువ చేసి చూడకూడదు. కప్పు పడితే వాన లోపలికి పోదు, కొత్త ఊట బాగా తగ్గుతుంది. కానీ కప్పు గుట్టకు గొడుగు మాత్రమే. గుట్ట కింద చాప లేదు. లోపల అప్పటికే ఉన్న తడి, అప్పటికే మొరంలోకి, బండ పగుళ్లలోకి దిగిన ఊట ఎక్కడికీ పోలేదు. చెరువులోని నీటిని శుద్ధి చేయవచ్చు. బండలోని నీటిని శుద్ధి చేయడం దాదాపు అసాధ్యం, చేసినా ఖర్చు ఊహకందదు. కప్పు వేయడంతో సమస్య తీరిపోయిందనే ప్రచారం అందుకే అన్యాయం. దిగువ గ్రామాల బోర్లలో ఇప్పుడు ఏముందో చూసి చెప్పవలసిన బాధ్యత దాంతో తీరదు.

కొత్తగా కట్టే ల్యాండ్‌ఫిల్ ఎలా ఉండాలో 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు స్పష్టంగా చెప్పాయి. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి ప్లాస్టిక్ పొర, ఆ పైన ఊటను పోగుచేసే గొట్టాలు. భూగర్భ జలం ఎంత పైకి వచ్చినా అడుగుకు కనీసం రెండు మీటర్ల కిందే ఉండాలి. బంకమట్టి ఎంత బిగువుగా ఉండాలన్నదానికీ ఒక అంకె ఉంది. సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు మించి నీటిని పోనివ్వకూడదు. సెంటీమీటరు మందపు నీరు దాన్ని దాటి దిగాలంటే కోటి సెకన్లు, అంటే 115 రోజులకు పైగా పడుతుంది. ఇంత జాగ్రత్తా ఎందుకంటే పొర ఎప్పటికైనా చిరుగుతుందని, కింద బంకమట్టి ఆదుకోవాలని. నియమం రాసినవారికి ప్రమాదం బాగా తెలుసు. మన చిన్న పట్టణాల డంపింగ్ యార్డుల్లో అత్యధికం ఈ పొరల్లో ఒక్కటైనా లేకుండా, పాత క్వారీ గుంతల్లోనో చెరువు శిఖంలోనో నడుస్తున్నాయి. చెత్త పోయడానికి గుంత అనువైనదని అనుకుంటారు. క్వారీ గుంత అంటే మొరం తీసేసి బండను పగులగొట్టి తెరిచిన చోటు. ఊట భూగర్భ జలాన్ని చేరడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

ఆ 2016 నియమాల్లో ఒక బలహీనత ఉండింది. ల్యాండ్‌ఫిల్ హద్దు నుంచి 50 మీటర్ల లోపు భూగర్భ జలాన్ని వేసవి, వర్షాకాలం, ఆ తర్వాతి కాలం, ఇలా కాలానికోసారి పరీక్షించాలని వాటిలో రాశారు. ఒండ్రు నేలల్లో ఇది అర్థవంతం. పగుళ్ల బండలో 50 మీటర్ల దగ్గరి బావి శుభ్రంగా ఉండి, 500 మీటర్ల దూరపు బోరు పాడై ఉండవచ్చు. తెలంగాణ, రాయలసీమ వంటి గట్టి రాతి నేలల్లో పరిశీలన బావులను పగుళ్ల దిశను బట్టి నిర్ణయించాలి. భూమిలోకి విద్యుత్తు పంపి పగుళ్లను గుర్తించే పద్ధతులు హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ చేతిలో ఉన్నాయి. ఇంటి బోరు వేయించడానికి జియాలజిస్టును పిలుస్తాం. లక్షల మంది చెత్త పోసే చోటికి అంతకన్నా తక్కువ శ్రద్ధ పెట్టడం సహించరానిది.

ఒకసారి నేలలోకి దిగిన దాన్ని వెనక్కి తీయడం ఎంత కష్టమో చెప్పడానికి రాజస్థాన్‌లోని బిఛ్‌డీ కన్నా గట్టి ఉదాహరణ మన దేశంలో తక్కువ. ఉదయ్‌పుర్ జిల్లాలోని ఆ గ్రామం దగ్గర 1980ల చివర్లో హెచ్-ఆసిడ్ అనే రంగుల ముడిసరుకు తయారు చేశారు. తయారీ కొద్దికాలమే సాగింది. మిగిలిన బురద సుమారు 2,400 టన్నులు. దాన్ని ఆవరణలోనే ఆరుబయట వదిలేశారు. తనిఖీకి వచ్చేవారి కంట పడకుండా ఉండేందుకు నేల మీద వెదజల్లి మట్టి కప్పారని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. వానలతో అది ఇంకి, చుట్టుపక్కల బావుల నీరు ఎరుపు, గోధుమ రంగులకు మారింది. తాగడానికీ, పొలానికీ, పశువులకూ పనికిరాకుండా పోయింది. కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని మన న్యాయవ్యవస్థలో బలంగా నిలబెట్టిన తీర్పు ఈ కేసులోనే, 1996 ఫిబ్రవరిలో వచ్చింది. రాసింది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన న్యాయమూర్తి. అయినా శుద్ధికి అయ్యే 37 కోట్ల పైచిలుకు సొమ్మును చక్రవడ్డీతో కట్టాలని అదే కోర్టు 2011లో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. తీర్పుకూ ఆ ఆదేశానికీ మధ్య పదిహేనేళ్లు. అంతకాలం ఆ రైతులు ఏ నీళ్లు తోడుకున్నారో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది.

మన పటాన్‌చెరు కథ చెత్తగుట్టది కాదు, పరిశ్రమల మురుగుది. కానీ నేలలో దిగే వ్యర్థాల గురించి మాట్లాడుతూ దాన్ని దాటిపోలేం. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. శుద్ధి అయిన నీటిలో సంగతి ఇది. రెండేళ్ల తర్వాత వచ్చిన అధ్యయనంలో సమీప గ్రామాల బావి నీటిలోనూ మందుల జాడలు దొరికాయి. ఇలాంటి నీటిలో బతికిన సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగనివిగా తయారవుతాయి. తాగునీటి మామూలు పరీక్షల పట్టికలో ఈ మందుల పేర్లు ఉండవు. ఇంట్లో మిగిలిన మాత్రలను చెత్తబుట్టలో వేసినా, చిన్న మోతాదులో జరిగేది అదే.

పాత గుట్టలను తవ్వి, జల్లెడ పట్టి, నేలను ఖాళీ చేసే బయోమైనింగ్ ఇప్పుడు చాలా పట్టణాల్లో సాగుతోంది. కింద పొర లేని గుట్టకు ఇదే సరైన మార్గం, ఎందుకంటే ఊటకు మూలమే లేకుండా పోతుంది. అయితే జల్లెడలోంచి రాలిన నల్లటి సన్న మట్టిని ఏం చేస్తున్నారో గమనించాలి. చూడటానికి ఎరువులా ఉంటుంది, వట్టి చేతితో పట్టుకుంటే వాసన కూడా ఉండదు. దాన్ని పల్లపు భూములు నింపడానికి లారీలకు ఎత్తుతారు. ఆ మట్టిలో లవణాలు ఉంటాయి, ఇన్నాళ్లూ సల్ఫైడ్లుగా బిగుసుకున్న లోహాలు ఉంటాయి, పైగా ఇప్పుడు గాలి కూడా తగిలింది. పరీక్షించకుండా చెరువు పక్కన పోస్తే, ఒక పెద్ద గుట్టను పది చిన్న గుట్టలు చేసినట్టవుతుంది.

యార్డుకు రెండు మూడు కిలోమీటర్ల లోపు బోరు ఉన్న కుటుంబం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. టీడీఎస్, అంటే నీటిలో కరిగిన మొత్తం లవణాలు, చూసే పెన్ను లాంటి మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఏ లవణం ఉందో అది చెప్పదు, మొత్తం ఎంత ఉందో చెబుతుంది. నెలకోసారి కొలిచి గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెట్టుకుంటే చాలు. 600 ఉన్నది ఏడాదిలో 1,100 అయితే ఏదో చేరుతోందని అర్థం. అప్పుడు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు నమూనా ఇచ్చి క్లోరైడు, అమ్మోనియా, నైట్రేటు, ఇనుము, మాంగనీసు, కాఠిన్యం చూడమని అడగాలి. వీటిలో క్లోరైడు ముఖ్యం. దాన్ని మట్టి పట్టుకోదు, సూక్ష్మజీవి తినదు. నీటితో సమంగా నడుస్తుంది కాబట్టి మిగిలిన వాటికన్నా ముందే బోరుకు చేరుతుంది. ఎగువ బోరులో క్లోరైడు తక్కువగా, దిగువ బోరులో ఎక్కువగా ఉండి, దానితో పాటు అమ్మోనియా కూడా కనిపిస్తే ఊటను అనుమానించడానికి గట్టి ఆధారం దొరికినట్టే. వీధిలో పది కుటుంబాలు కలిసి ఒకే రోజున నమూనాలు ఇస్తే ఆ పటం ఏ అధికారి అయినా కాదనలేనిది. ఆర్ఓ యంత్రం లవణాలను చాలావరకు తీస్తుంది గానీ, తీసినదాన్ని చిక్కటి నీరుగా బయటికి వదులుతుంది. అది మళ్లీ అదే పెరట్లో ఇంకుతుంది.

మూలం దగ్గర మాత్రం మార్గం ఒక్కటే, తడి చెత్త గుట్టను చేరకపోవడం. ఇది కొత్తగా కనిపెట్టవలసినది కాదు. సూర్యాపేట మున్సిపాలిటీ 2000ల తొలినాళ్లలోనే ఇంటింటికీ తిరిగి తడి, పొడి చెత్త వేరుగా తీసుకుని, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి, కుండీలు లేని పట్టణంగా దేశమంతా చెప్పుకునేలా నిలిచింది. పెద్ద యంత్రాలతో సాధించింది కాదది. పారిశుద్ధ్య కార్మికులు ప్రతి గుమ్మం ముందు రోజూ నిలబడి సాధించింది. కానీ కార్మికులు అలా వేరు చేసి తీసుకున్న చెత్తను యార్డులో మళ్లీ ఒకే కుప్పలో పోయడం చాలా పట్టణాల్లో కనిపించే దృశ్యం. రెండు రంగుల బుట్టలు పంచి, ఒకే లారీలో కలిపేస్తే మూడో వారానికి ఏ గృహిణీ వేరు చేయదు, ఆమెను తప్పు పట్టలేం.

మూసివేసిన ల్యాండ్‌ఫిల్‌ను కనీసం పదిహేనేళ్లు కనిపెట్టుకుని ఉండాలని 2016 నియమాలు చెప్పాయి. 2020ల ఆరంభంలో కప్పిన గుట్టకు ఆ గడువు 2030ల మధ్యలో తీరుతుంది. లోపలి అమ్మోనియా అప్పటికీ అయిపోదు. ప్లాస్టిక్ కప్పు మీద అప్పటికి ఎన్ని పగుళ్లు వచ్చి ఉంటాయో, ఎన్ని మొక్కల వేర్లు దిగి ఉంటాయో తెలియదు. నగరం ఈలోగా అటువైపు పెరుగుతూనే ఉంది. గుట్ట దిగువన కొత్త వెంచర్లలో ఇప్పుడు వేస్తున్న ప్రతి బోరుకూ లోతు, నీరు పడిన పగులు, మొదటి రోజు నీటి పరీక్ష ఒక రిజిస్టరులో రాయించి ఉంచితే, 2036లో అక్కడ బకెట్లో తుప్పు పొర తేలినప్పుడు అది ఎప్పుడు, ఎటునుంచి వచ్చిందో చెప్పడానికి ఒక కాగితమైనా ఉంటుంది.